పదకొండో తెప్పకు పేరు లేదు

తొమ్మిదో తెప్ప దినచర్య. దీన్ని నేను తప్ప చదివేవాళ్లెవరూ లేరు గానీ, రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

సోమవారం

పొద్దున నాచు తాళ్లు నాలుగు పైకి లాగాను. మూడింటికి నాచు బాగా పట్టింది. నాలుగోదాన్ని తాబేలు మేసిపోయింది. దాని మీద కేసు పెట్టలేం కదా, తాడు కడిగి మళ్లీ నీళ్లలోకి వదిలాను. పైకప్పు మీద సోలారు పలకలకు పట్టిన ఉప్పు తుడిచాను. మధ్యాహ్నం అన్నం, నాచు పచ్చడి. మూడేళ్లుగా ఇదే పచ్చడి. ఇష్టం పోయింది, అలవాటు మాత్రం పోలేదు.

ఒడ్డు మీది కంట్రోలు రూము నుంచి కబురొచ్చింది. "వాయుగుండం బలపడింది. శుక్రవారం సాయంత్రానికి తుఫాను. అన్ని తెప్పలూ మునకకు సిద్ధం కావాలి." నలభై తెప్పలకూ కలిపి చెప్పే మాట అది. పెళ్లిలో మైకు మోగినట్టు ఉంటుంది. మనతో ఎవరో మాట్లాడారని అనిపించదు.

తెప్ప అంటే పాతకాలపు దుంగల తెప్ప అనుకునేరు. రెండు గదుల ఇల్లంత ఇనప దిమ్మ, నీళ్ల మీద తేలుతుంటుంది. కింద గొలుసు, గొలుసు చివర లంగరు, చుట్టూ నాచు తోట. పల్లపు పొలాలన్నీ సముద్రం కిందికి పోయాక జనం తింటున్నది ఈ నాచునే. తెప్పకు ఒక్కరే మనిషి. తుఫాను వస్తే తెప్ప తన తొట్లలోకి నీళ్లు నింపుకుని పద్దెనిమిది మీటర్ల లోతుకు దిగిపోతుంది, అలల దెబ్బ తగలని చోటికి. మనం తలుపు బిగించుకుని లోపల కూర్చుంటాం. తుఫాను దాటాక నీళ్లు కక్కేసి పైకి లేస్తుంది. కిందటేడాది ఆరో తెప్ప మునగలేదు. దాని దీపం ఒక్కటే దొరికింది. అందులో ఉన్న మనిషి దొరకలేదు.

సాయంత్రం రేడియోలో పదకొండో తెప్ప బాబాయ్ పలికాడు.

"తొమ్మిదమ్మీ, ఉన్నావేటి?"

"ఎక్కడికి పోతాను బాబాయ్? బస్సు దొరకలేదు."

రేడియోలో మనుషుల పేర్లు చెప్పుకోకూడదు, నంబర్లే. పేర్లు తెలిస్తే కబుర్లు పెరుగుతాయని కంట్రోలు వాళ్ల భయం. నంబర్లతో కూడా కబుర్లు పెరుగుతాయని వాళ్లకు ఇంకా తెలియదు. బాబాయ్ శ్రీకాకుళం వైపు బెస్తవాళ్ల మనిషి, అరవై దాటినట్టున్నాడు. పోయిన దసరాకి పదకొండు ఎక్కాడు, ఆ తర్వాత తుఫాను ఇదే మొదటిది. ఆయన మొహం నేను చూడలేదు. గాలి తేటగా ఉన్న సాయంత్రాల్లో ఆయన తెప్ప మీది ఎర్రదీపం చుక్కలా కనిపిస్తుంది, అంతే.

మంగళవారం

మునక పరీక్ష రోజు. తుఫానుకు ముందు ప్రతివాళ్లూ తెప్పను రెండు మీటర్లు ముంచి, తేల్చి చూసుకోవాలి.

ఈ తెప్పలన్నీ నడిచేది పైథాన్‌లో. ముత్తాతల కాలం నాటి కంప్యూటరు భాష. పనిచేస్తోంది కదా అని ఎవరూ మార్చలేదు. పుణ్యాత్ములెవరో మాటలన్నీ తెలుగులో పెట్టి వెళ్లారు. నేను ఇలా కొట్టాను:

ఉప్పుకల్లు.మునుగు(2)

ఉప్పుకల్లు నా తెప్ప పేరు. కిటికీలోకి ఆకుపచ్చ నీళ్లు ఎక్కాయి, చేపపిల్ల ఒకటి లోపలికి తొంగి చూసింది. కొంచెం సేపు ఉండి పైకి వచ్చేశాను. చేపపిల్ల వెళ్లిపోయినందుకు మనసు చివుక్కుమంది. దాన్నిబట్టి నా పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. మనుషులతో పడదని చెప్పి మరీ ఈ ఉద్యోగంలో చేరినదాన్ని. ఇప్పుడు పొద్దు వాలకముందే రేడియో దగ్గరికి కుర్చీ లాక్కుంటున్నాను.

సాయంత్రం బాబాయ్ గొంతు మామూలుగా లేదు.

"అమ్మీ, నా తెప్ప మునగనంతంది."

"ఏం కొట్టావు?"

"తెప్ప, సుక్క, మునుగు, బ్రాకెట్లో రెండు. తెప్ప.మునుగు(2). దానికేటంతాదో తెల్సా? ఒక విలువ తక్కువైంది, లోతు ఇయ్యలేదు అంతంది. ఇచ్చినాను కదేటి! రెండు అని కొట్టినాను! కళ్లు లేవేటి దీనికి?"

మళ్లీ కొట్టమన్నాను. అదే మాట. లోతు ఇవ్వలేదట. దీపం సంగతేమిటంటే, తెప్ప.దీపం() అంటే రోజూ వెలుగుతోందట. హారనూ మోగుతోందట. ఒక్క మునకే మొండికేసింది.

బుధవారం

ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంది. ఇలాంటి రోజును నేను నమ్మను. తాళ్లన్నీ కిందికి దించి కట్టేశాను. బియ్యం డబ్బా, కిరసనాయిలు స్టవ్వు గోడకు బిగించాను.

పొద్దున్నే కంట్రోలు రూముకు చెప్పాను. అవతల ఎవరో ఆవులిస్తూ, "పదకొండుది పదకొండే అడగాలమ్మా" అన్నాడు. ఆయన రేడియో అంత దూరం అందదని, పక్క తెప్పలకే వినిపిస్తుందని చెప్పాను. "వరసలో పెడతాను, ముందు ఇంకా చాలామంది ఉన్నారు" అన్నాడు. పడవ పంపమన్నాను. సముద్రం లేస్తుందని పడవలన్నీ ఒడ్డుకు లాగేశారట.

సరే, మన తిప్పలేవో మనమే పడదాం అనుకున్నాను. లోతు ఇవ్వలేదని అంటోంది కాబట్టి, రెండుసార్లు ఇచ్చి చూడమన్నాను. చెవిటివాళ్లకు రెండుసార్లు చెప్పమా, అలా.

తెప్ప.మునుగు(2, 2)

"మాట మార్చింది అమ్మీ" అన్నాడు బాబాయ్. "ఇప్పుడు కొత్త పాట. రెండుకి వాల్వులు లేవంతంది."

"రెండుకి వాల్వులా?"

"అదే నానూ అడుగుతున్నాను. అంకెకి వాల్వులెక్కడుంటాయి?"

ఇద్దరం పగలబడి నవ్వాం. రెండుకి వాల్వులు, మూడుకి తలుపులు, నాలుగుకి కిటికీలు అంటూ ఆయన మొదలెట్టాడు. నవ్వు ఆగాక ఆయన మెల్లిగా అడిగాడు.

"ఆరో నంబరు మడిసికి కూడా ఇలగే అయ్యుంటాదేటి?"

ఏమో అన్నాను. నాకు నిజంగానే తెలియదు. భయమేసింది.

గురువారం

గాలి మొదలైంది. అలల మీద తెల్ల నురగ కనిపిస్తోంది.

పొద్దున టీ పెట్టుకుని ప్రోగ్రాము తెరిచి, మునుగు అన్న చోటికి వెళ్లాను. అక్కడ ఇలా ఉంది:

మునుగు(తను, లోతు)

బ్రాకెట్లో రెండు కుర్చీలు ఉన్నాయనుకోండి. మొదటిది మునిగేవాళ్లది, రెండోది లోతుది. నేను ఉప్పుకల్లు.మునుగు(18) అంటే ఉప్పుకల్లు తనంతట తనే వెళ్లి మొదటి కుర్చీలో కూర్చుంటుంది, పద్దెనిమిది రెండోదాంట్లో. బాబాయ్ కొడుతున్నది తెప్ప.మునుగు. తెప్ప అన్నది నమూనా. నలభై తెప్పలూ దాన్ని చూసి తయారైనవే. నమూనాకు తొట్లుండవు, వాల్వులుండవు, అది మునగదు. దాన్ని పిలిస్తే మొదటి కుర్చీలోకి ఎవరూ రారు. ఖాళీగా ఉంది కదా అని లోతు వెళ్లి అందులో కూర్చుంది. ఇంక లోతు కుర్చీ ఖాళీ. అందుకే లోతు ఇవ్వలేదని దాని గోల. తక్కువైంది లోతు కాదు. ఎవరు మునగాలో మనం చెప్పలేదు. దీపానికీ హారనుకూ ఆ "తను" అక్కర్లేదు, అందుకే అవి నమూనాని పిలిచినా పలుకుతున్నాయి.

ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు గదిలో చాలా పెద్దగా వినిపించి, వెంటనే ఆపేశాను.

మధ్యాహ్నం బాబాయ్‌ని పిలిచి, తెప్ప పక్కన బ్రాకెట్లు పెట్టమన్నాను. అలా పెడితే నమూనా నుంచి ఒక తెప్ప తయారవుతుంది, అది మునుగుతుంది.

తెప్ప().మునుగు(2)

"అయిపోయింది!" అని కేకేశాడు. "మునక పూర్తి, రెండు మీటర్లు అంతంది తెర మీద! నీ కడుపు సల్లగుండా!"

"కిటికీలో నీళ్లు ఎలా ఉన్నాయి బాబాయ్?"

"నీల్లేటి? పైనే ఉన్నాను. ఎండలో కూకుని బీడీ కాల్తున్నాను."

నేను ప్రోగ్రాము మళ్లీ చూశాను. బ్రాకెట్లలో వాల్వులు తిప్పే బోర్డు నంబరు చెప్పకపోతే, కొత్తవాళ్లు నేర్చుకోవడానికి పెట్టిన ఉత్తుత్తి బోర్డు తగులుకుంటుందట. కంప్యూటరు లోపల లేని తెప్ప ఒకటి లేని సముద్రంలో చక్కగా మునిగింది. తప్పు చూపించే ఎర్ర అక్షరాలు రాకపోవడం చూసి మేం సంబరపడ్డాం. ఇదే పని రేపు సాయంత్రం చేసి, పూర్తి అన్న మాట చూసుకుని, తలుపు బిగించుకుని పడుకుని ఉంటే? వెంటనే మైకు అందుకున్నాను.

"బాబాయ్, ప్రోగ్రాము మొదటి వరసలో నీ తెప్ప పేరు ఉండాలి. తెప్ప ఎక్కిన రోజు పెట్టి ఉంటావే. నాది ఉప్పుకల్లు, బోర్డు ఒకటి అని ఉంది. నీదేముంది?"

"ఏటీ లేదు. ఆ వరస తుడిసీసినాను."

"ఎందుకు?"

వాళ్లింట్లో తెప్ప నీళ్లలోకి దిగేముందు ఇంటి ఆడమనిషి పసుపునీళ్లు చల్లి, తన నోటితో పేరు పెట్టాలట. వాళ్లమ్మ పెట్టిందట, తర్వాత భార్య పెట్టిందట. మగవాడు పేరు పెట్టిన తెప్ప ఎక్కకూడదట. భార్య పోయింది. కూతుళ్లు లేరు.

"పేరెట్టీవోలు లేరు అమ్మీ. మరి నానేటి సెయ్యాల? పాతాయన ఎట్టిన పేరుంటే తుడిసీసినాను. అలగే ఉంచీసినాను."

ఇన్నాళ్లూ సాయంత్రం నివేదికలో తెప్ప పేరు చెప్పాల్సిన చోట పదకొండు నుంచి ఉత్త "తెప్ప దీపం వెలిగింది" అని వస్తుంటే, మనిషి పొదుపుగా మాట్లాడతాడులే అనుకున్నాను.

పేరు లేకుండా ముంచే మార్గం చూడమని బతిమాలాడు. చూశాను. ఏ తెప్పలోనైనా అసలు బోర్డు ఒకటో నంబరే కాబట్టి, తెప్ప(బోర్డు=1).మునుగు(18) అని కొడితే అసలు తెప్పే మునుగుతుంది. పేరక్కర్లేదు. కానీ మునిగాక దాన్ని పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎంత లోతులో ఉన్నదీ, ఏ తొట్టిలో ఎన్ని నీళ్లున్నదీ దాని దగ్గరే గుర్తుంటుంది. పైకి లేపాలంటే దాన్నే పిలవాలి. పేరు లేదు కాబట్టి మళ్లీ తెప్ప(బోర్డు=1) అంటే అప్పుడే పుట్టిన కొత్తది వచ్చి, నేను నీళ్ల మీదే ఉన్నాను కదా, ఇంకా పైకెక్కడికి అంటుంది.

"పేరు లేకుండా మునగొచ్చు బాబాయ్. తర్వాత పైకి రమ్మని ఎవర్ని పిలుస్తావు?"

ఆయన రేపు మాట్లాడతానని రేడియో కట్టేశాడు. నాకు కోపం వచ్చింది. ప్రాణం మీదికి వస్తుంటే పసుపునీళ్ల సంగతి ఏమిటని కోపం. ఆ కోపంతోనే గిన్నెలన్నీ రెండోసారి తోమాను.

శుక్రవారం

పొద్దున్నుంచీ పిలుస్తున్నాను. పలకలేదు. వాన అడ్డంగా కొడుతోంది. పగలే చీకటి పడింది. పదకొండు మీది ఎర్రదీపం అలల వెనక కనబడుతూ మాయమవుతూ ఉంది. దీపం ఉంది కాబట్టి మనిషి ఉన్నాడనుకుని, మైకు పట్టుకునే కూర్చున్నాను. కంట్రోలు రూము మునకలు మొదలెట్టమంది. ముప్ఫైల్లో ఉన్న తెప్పలు ఒక్కొక్కటే దిగిపోతున్నట్టు నివేదికలు వచ్చాయి. నేను దిగలేదు. దిగితే రేడియో పలకదు.

మధ్యాహ్నం దాటాక పలికాడు.

"అమ్మీ, ఇంకా ములగలేదేటి నువ్వు?"

"నువ్వు మునిగాకే."

"పిచ్చిదానివేటి? ఎల్లు ముందు!"

"వెళ్లను. నువ్వు పేరు పెట్టు."

అల తగిలి ఆయన గదిలో ఏదో పడిన చప్పుడు వినిపించింది. ఆయన ఊపిరి కూడా వినిపించింది.

"నానెట్టకూడదు. నువ్వు ఆడమడిసివి. నువ్వెట్టు."

"నేనెక్కడో ఉన్నాను బాబాయ్. పసుపునీళ్లు లేవు. నీ ఇంటిమనిషినీ కాదు."

"సాయంత్రం సాయంత్రం మాటాడుతావు కదేటి. ఇంకేటి ఇంటిమడిసంటే? నోటితో సెప్పు సాలు. నాను కొడతాను."

ఏం పేరు పెట్టాలి? గంగ అనాలా, కడలి అనాలా? ఒక్కటీ తోచలేదు. చివరికి నోటికి వచ్చిన ఒక్క పేరు చెప్పేశాను. మూడేళ్లుగా ఎవరి నోటా వినని పేరు. నాదే.

"నూకరత్నం."

"ఎవులిది?"

"నాది."

ఆయన నవ్వాడో, దగ్గాడో తెలియలేదు. ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. వరస తప్పకుండా నేను చెప్పాను.

నూకరత్నం = తెప్ప(బోర్డు=1)

నూకరత్నం.మునుగు(18)

"వాల్వులు తెరుసుకున్నాయి!" అని అరిచాడు. "అమ్మీ, కిటికీలోకి నీలొచ్చీసినాయి! నూకరత్నం దిగుతోంది! నూకరత్నం..."

రేడియో తెగిపోయింది. కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఎర్రచుక్క ఒకసారి అల మీదికి లేచి, మెల్లిగా నీళ్లలోకి వెళ్లిపోయింది. మనిషి మునిగిపోవడం చూసి అంత సంతోషించినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. తర్వాత నేనూ దిగాను.

శనివారం, నీటి కింద

రాయడానికి ఏమీ లేదు. గొలుసు కిర్రుమంటోంది. పైన ఏం జరుగుతోందో వినిపించదు. దీపం తగ్గించి పెట్టుకున్నాను. నా పేరు నేనే రెండుమూడుసార్లు పైకి అనుకున్నాను. ఆయన అన్నట్టు రాలేదు.

ఆదివారం

పైకి లేచాను. సముద్రం మట్టిరంగులో ఉంది. నా తోటలో సగం తాళ్లు లేవు. దీపస్తంభం వంగింది. అవేవీ పట్టించుకోకుండా తెర ముందు కూర్చున్నాను. తెప్ప నీళ్ల మీదికి రాగానే దాని పేరుతో ఒక వరస అన్ని తెప్పల తెరల మీదా పడుతుంది. ఇసకదిన్నె పైకి వచ్చింది. గవ్వ పైకి వచ్చింది. తాటాకు పైకి వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్నం ముట్టలేదు. పేరు మర్చిపోయాడా, చెయ్యి ఆడలేదా, తొట్టి పగిలిందా అని రకరకాలుగా అనుకున్నాను. అప్పుడు పడింది:

నూకరత్నం పైకి వచ్చింది.

ఏడ్చాను. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన బతికినందుకు కొంత, ఆ అక్షరాలు చూసి కొంత.

రేడియోలో ఆయన గొంతు సన్నగా వచ్చింది. దిగేటప్పుడు పడి తుంటి విరిగిందట. పాక్కుంటూ తెర దగ్గరికి వెళ్లి పేరు కొట్టాడట. "పిలిస్తే పలికిందమ్మీ" అని మాత్రం అన్నాడు. ఎక్కువ మాట్లాడించొద్దని నేనే ఆపాను. పడవ కోసం కంట్రోలు రూముతో అరిచి పోట్లాడాను. ఈసారి వరసలో పెట్టలేదు.

మంగళవారం

సముద్రం తగ్గగానే పడవ వచ్చి ఆయన్ని తీసుకెళ్లింది. దక్షిణం వైపు నుంచి తిరిగి వెళ్లిందట, నాకు పొగ కూడా కనిపించలేదు.

ఎలా ఉన్నాడని కంట్రోలు రూమును అడిగాను. ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంక సముద్రం మీదికి రాడు అన్నారు. కబురు పంపాలి, పేరు చెప్పమన్నాను. తెప్పల వాళ్ల పేర్లు చెప్పకూడదమ్మా అన్నారు. పదకొండు అని పంపితే చేరుతుందా అని అడిగాను. పదకొండు అంటే ఇప్పుడు కొత్తవాళ్లు కదా అన్నారు.

శుక్రవారం

తాళ్లు పేనడం సగమైంది. దీపస్తంభం నిలబెట్టాను. నాచు మళ్లీ పట్టడానికి రెండు నెలలైనా పడుతుంది.

సాయంత్రం రేడియో పలికింది. ఆడగొంతు. చక్కగా, పుస్తకం చదివినట్టు చెప్పింది.

"పదకొండు నుంచి నివేదికండి. నూకరత్నం దీపం వెలిగింది. నూకరత్నం లంగరు బాగుంది."

ఒక్క క్షణం ఎవరో నన్నే పిలిచారనుకుని, ఆఁ అనేశాను.

"ఏమన్నారండీ?"

"ఏం లేదమ్మా. తొమ్మిది నుంచి. పేరు మార్చలేదా?"

"లేదండి. ముందున్న పెద్దాయన ఈ పేరుతోనే ఉంచమని అందరి కాళ్లూ పట్టుకున్నారట. వాళ్లావిడ పేరై ఉంటుందండి, పాపం."

"అయ్యుంటుందమ్మా" అన్నాను.

రేడియో కట్టేశాను. ఇంక రోజూ పొద్దువాలే వేళకు నా పేరు వినిపిస్తుంది. ఆయన పేరేమిటో నేను అడగనే లేదు.